గడువు దాటకముందే రాయి: స్రవంతికి పెదనాన్న ఉత్తరం

చి.ల.సౌ. స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ టెక్సస్‌లో రోడ్డు ప్రాజెక్టు మీద జనం అభిప్రాయాలు అడుగుతూ వచ్చిన నోటీసు, నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. ఎంత టెన్షన్ పడుతున్నావో నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే తెలిసింది. కొని ఏడాది కూడా కాని ఇల్లు, వెనక కంచె అవతల ఆరు లేన్ల రోడ్డు వస్తుందంటే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది. "మనం ఏం రాసినా వాళ్లు చేసేది వాళ్లు చేస్తారు కదా పెదనాన్నా" అన్నావు. ఆ మాటకు ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

న్యూజెర్సీలో నేను చేసిన చివరి ఉద్యోగం ఏమిటో మీ నాన్న నీకు చెప్పాడో లేదో. రోడ్ల ప్రాజెక్టులకు పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టింగ్ కంపెనీలో ఆరేళ్లపాటు నా పని జనం పంపిన కామెంట్లు చదవడమే. ఉత్తరం రాగానే దానికి ఒక నంబర్ వేస్తాం. తర్వాత దాన్ని ముక్కలు చేస్తాం. చప్పుడు గురించి రాసిన వాక్యం శబ్దం లెక్కలు చూసే ఆయనకు, వాన నీళ్ల గురించి రాసింది డ్రైనేజీ చూసే ఆవిడకు, స్థలం పోతుందని రాసింది భూసేకరణ వాళ్లకు వెళ్తుంది. అన్నీ ఒక పెద్ద ఎక్సెల్ షీట్‌లో వరసలుగా పడతాయి. ప్రతి వరస చివర జవాబు గడి ఒకటి ఉంటుంది. అది ఖాళీగా వదిలి నివేదిక పైకి పంపడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. "ఈ రోడ్డు మాకు వద్దు, మా పిల్లల భవిష్యత్తు నాశనం అవుతుంది" అని వచ్చిన ఉత్తరానికి ఆ గడిలో మేం రాసేది రెండే మాటలు: కామెంట్ నోటెడ్, అంటే మీరు రాసింది చూశాం అని. ఒకే నమూనా మీద సంతకాలు పెట్టి 300 మంది పంపితే, 300 వరసలు కావు, ఒకటే వరస. పక్కన లెక్క కోసం 300 అని వేస్తాం. రాసినవాళ్ల బాధ మాకు తెలియక కాదు. ఆ ఉత్తరంలో మా ఇంజనీరు తిరిగి వెళ్లి చూసుకోవాల్సిన విషయం ఏమీ ఉండేది కాదు.

ఒకసారి నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం వచ్చింది. పెన్సిల్‌తో ఐదు లైన్లు, ఒక ఫోటో. "మీ మ్యాపులో మా ఇంటి వెనక వాగు సన్నగీతలా ఉంది. గట్టి వాన పడితే నీళ్లు మా వెనక మెట్లలో మూడో మెట్టు దాకా వస్తాయి" అని ఒక పెద్దావిడ రాసింది. ఫోటోలో ఆ మెట్టు మీద కొలత టేపు నిలబెట్టి ఉంది, నీళ్లలో తడిసి కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే మా డ్రైనేజీ ఇంజనీరు కారేసుకుని అక్కడికి వెళ్లింది. తుది నివేదికలో ఆ తూము సైజు మారింది. ఆవిడ రోడ్డు వద్దని ఎక్కడా రాయలేదు. తనకు తెలిసి మాకు తెలియని ఒక్క సంగతి రాసింది, అంతే.

మన ఊళ్లల్లో ప్రజాభిప్రాయ సేకరణ చూసిన అలవాటు వల్ల ఇది మనకు తొందరగా మనసుకెక్కదు. అక్కడ 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన ఇస్తారు, కలెక్టరో అడిషనల్ కలెక్టర్ స్థాయి అధికారో కూర్చుంటారు, షామియానా కింద మైకు తీసుకుని మాట్లాడతాం. జనం ఎంతమంది వచ్చారు, ఎంత గట్టిగా అడిగారు అన్నదానికి అక్కడ విలువ ఉంది. ఇక్కడ కూడా మీటింగ్ పెడతారు, మాట్లాడటానికి సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. వెళ్లు, మాట్లాడు. కానీ మాట్లాడిందే కాగితం మీద కూడా పెట్టి ఇచ్చిరా. బోర్డుల దగ్గర నిలబడిన ఇంజనీరుతో పక్కన మాట్లాడిన మాటలు ఎంత బాగా జరిగినా రికార్డులోకి ఎక్కవు. నోటి మాట నీటి మూట.

ఇక నీ నోటీసు సంగతి. దాంట్లో సగం చట్టం నంబర్లే, వాటిని చూసి కంగారుపడకు. ముందు నాలుగు విషయాల కింద గీత గీసుకో: ఏ శాఖ ఇచ్చింది, ఏ దశలో ఇచ్చింది, ఆఖరి తేదీ ఎప్పుడు, ఏ నంబర్ వేసి ఎక్కడికి పంపాలి. టెక్సస్ రోడ్లకు సీఎస్‌జే నంబర్ అని ప్రాజెక్టును గుర్తించే నంబర్ ఉంటుంది, అది ఉత్తరం పైన తప్పకుండా రాయి. ఫెడరల్ సంస్థ, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ, నేరుగా చేసే పనులకైతే డాకెట్ నంబర్, అంటే ఫైలు నంబర్ ఉంటుంది. అలాంటి నోటీసులు ఫెడరల్ రిజిస్టర్‌లో వస్తాయి. అది మన గెజిట్ లాంటిది, 1936 నుంచి పని రోజుల్లో ప్రతిరోజూ అచ్చవుతోంది.

మీ దగ్గర ఒక మెలిక ఉంది. రోడ్డు ఫెడరల్ డబ్బుతో, ఫెడరల్ చట్టం కింద కడుతున్నా, పర్యావరణ పరిశీలన బాధ్యతను 2014 డిసెంబర్ నుంచి కేంద్రంలోని ఫెడరల్ హైవే శాఖ వాళ్లు టెక్సస్ రవాణా శాఖకే ఒప్పందం మీద అప్పగించారు. నోటీసు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది ఆ సంగతే. కాబట్టి వాషింగ్టన్‌కి ఉత్తరాలు రాస్తూ రోజులు పోగొట్టుకోకు. నివేదిక రాసేదీ, తుది నిర్ణయం మీద సంతకం పెట్టేదీ ఆస్టిన్‌లో ఉన్న ఆ శాఖే.

దశ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అందరూ తప్పటడుగు వేసేది అక్కడే. నిక్సన్ 1970 జనవరి 1న సంతకం పెట్టిన నీపా (జాతీయ పర్యావరణ విధాన) చట్టం ప్రకారం పెద్ద ప్రాజెక్టు అయితే మొదట "ఇలాంటిది చేయబోతున్నాం" అని ప్రకటన వస్తుంది. తర్వాత ఏయే విషయాలు పరిశీలించాలో అడుగుతారు, ఆపైన ముసాయిదా నివేదిక, చివరికి తుది నివేదిక, నిర్ణయం. రోడ్డు దారి మార్చమని అడగాలంటే మొదటి రెండు దశలే మంచి సమయం. ముసాయిదా వచ్చేసరికి గీతలు చాలావరకు గట్టిపడి ఉంటాయి. అప్పుడు గోడ, తూము, క్రాసింగ్, లైటు లాంటివి అడిగితే పని జరుగుతుంది. నీ నోటీసు విషయాలు అడిగే దశలోనే ఉంది స్రవంతీ, అది నీ అదృష్టం.

మీకు దగ్గర్లోని యూఎస్ 380 హైవే సంగతే చూడు. కోయిట్ రోడ్డు నుంచి ఎఫ్‌ఎం 1827 అనే రోడ్డు దాకా సుమారు 15 మైళ్ల కొత్త ఫ్రీవేకి ఒకచోట రెండు దారులు పెట్టారు. ఒకటి మెకిన్నీ ఊళ్లో టక్కర్ హిల్ కాలనీ పక్కగా, రెండోది ప్రాస్పర్ ఊరి వైపుగా. ఈ రెండో దారి పక్కనే మేన్‌గేట్ అని, వైకల్యం ఉన్న పిల్లలకు, పెద్దలకు గుర్రపు స్వారీతో చికిత్స చేసే చోటు ఉంది. జనం రాసిన వాటిల్లో ఆ చోటు మాట పదేపదే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో హియరింగులు పెట్టారు, సెప్టెంబర్‌లో మొదటి దారినే ఖాయం చేశారు. టక్కర్ హిల్ వాళ్లు కూడా తక్కువ రాయలేదు, వాళ్లకు అనుకున్నది దక్కలేదు. రాస్తే గెలుస్తామని నేను నీకు మాట ఇవ్వను. రాయకపోతే నీ ఇంటి సంగతి ఆ ఎక్సెల్ షీట్‌లో వరసగా కూడా ఉండదు. అది నేను కళ్లారా చూశాను.

గడువు గురించి ఇంకో జాగ్రత్త. ముసాయిదా మీద రాయడానికి 45 రోజులు గ్యారంటీగా ఉంటాయని పాత నివాసులు చెప్తారు. అది అన్ని శాఖలకూ ఉమ్మడిగా ఉన్న పాత నిబంధన. 2025లో ఆ ఉమ్మడి నిబంధనలను తీసేశారు, ఇప్పుడు ఒక్కో శాఖ తన పద్ధతి తాను పెట్టుకుంది. నోటీసు మీద వేసిన తేదీ తప్ప ఇంకెవరి మాటా నమ్మకు. అదే ఏడాది మే నెలలో యూటాలో 88 మైళ్ల రైలు మార్గం కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి నివేదికల్లో కోర్టులు శాఖల నిర్ణయాన్ని ఎక్కువగా గౌరవించాలని చెప్పింది. తర్వాత కోర్టుకి వెళ్లొచ్చులే అన్న ధీమా ఇప్పుడు అసలు పనికిరాదు. ఒకవేళ వెళ్లాల్సి వచ్చినా, కామెంట్ దశలో ఎవరూ ఎత్తని విషయాన్ని అక్కడ కొత్తగా ఎత్తడం చాలా కష్టం. పైగా హైవేల విషయంలో తుది నిర్ణయం ప్రకటన ఫెడరల్ రిజిస్టర్‌లో వచ్చాక కేసు వేయడానికి 150 రోజులే ఉంటాయి.

ఇప్పుడు నువ్వు ఏం రాయాలో చెప్తాను. మొన్న మీ ఇంట్లో ఉన్న పది రోజులూ నేను గమనించింది ఒకటుంది. పొద్దున ఆరున్నర అయ్యేసరికి మీ కాలనీ అంతా మన పెద్దవాళ్లే. చీర కింద స్పోర్ట్స్ బూట్లు, తలకు మఫ్లర్, చేతిలో మనవడి స్ట్రోలర్. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలూ నాన్నలూ ఆ మూల దగ్గర రోడ్డు దాటి చెరువు వైపు వెళ్తారు. అక్కడ సిగ్నల్ లేదు, తెల్లచారలు లేవు. మీ అత్తగారు మామగారి చేయి పట్టుకుని రెండు కార్లు పోయేదాకా ఆగి, ఆపైన పరుగులాంటి నడకతో దాటడం చూసి నాకు కాళ్లాడలేదు. వాళ్లు ఏ సర్వే కాగితమూ నింపరు, కారు నడపరు. వాహనాల లెక్కలో వాళ్లు కనిపించరు. ఆ రోడ్డు ఆరు లేన్లయితే వాళ్లు ఎక్కడ దాటాలి? ఇది ఇంకెవరూ రాయరమ్మా, నువ్వే రాయాలి.

ఊరికే "చాలామంది నడుస్తారు" అని రాయకు. మూడు రోజులు, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, ఆ మూల దగ్గర నిలబడి లెక్కపెట్టు. తేదీ, టైమ్, ఎంతమంది, అందులో స్ట్రోలర్లు ఎన్ని, చేతికర్ర ఉన్నవాళ్లు ఎందరు. మామగారికి ఆ పని అప్పజెప్పు, ఆయన లెక్కల మాస్టారు, నీకంటే శ్రద్ధగా రాస్తారు. మూల ఫోటో తీసి మ్యాపు మీద చుక్క పెట్టు. చివర ఒక్క వాక్యం: "ఈ చోట నడిచేవాళ్ల లెక్క తీసుకుని, దాటడానికి ఏర్పాటు పరిశీలించండి." పరిశీలించండి అని అడిగినదానికి కామెంట్ నోటెడ్ అని రాసి తప్పించుకోవడం వాళ్లకు అంత తేలిక కాదు.

గుడి గురించి కూడా రాయి, కానీ మీ వాట్సాప్ గ్రూప్‌లో తిరుగుతున్న నమూనాలా వద్దు. గుడికి సెక్షన్ 4(ఎఫ్) రక్షణ ఉందని అందులో రాశారు. 1966 నాటి ఆ నిబంధన పబ్లిక్ పార్కులకు, వన్యప్రాణుల స్థలాలకు, చారిత్రక కట్టడాలకు. మొన్న మొన్న కట్టిన గుడి దాని కిందికి రాదు. తప్పు సెక్షన్ చూడగానే చదివేవాళ్లు అదొక్కటి కొట్టేసి ముందుకు వెళ్తారు. దాని బదులు వాహనాల లెక్క అడుగు. సాధారణంగా ఆ లెక్కలు మంగళ, బుధ, గురువారాల్లో తీస్తారు. మీ హనుమంతుడి గుడికి రద్దీ శనివారం సాయంత్రం. కార్లు గేటు దాటి రోడ్డు మీద వరస కట్టడం నేనే చూశాను. శనివారం లెక్క కూడా తీయమని రాయి, గుడి కమిటీ వాళ్లను పార్కింగ్ వివరాలతో విడిగా ఒక ఉత్తరం రాయమను.

చప్పుడు సంగతి మీ కాలనీలో అందరికీ చెప్పాలి. ఇళ్ల దగ్గర శబ్దం 67 డెసిబెల్స్ దరిదాపుల్లోకి వస్తుందని లెక్క తేలితే అడ్డుగోడ పరిశీలించాలి. గోడ వల్ల మేలు జరిగే ఇళ్ల వాళ్ల అభిప్రాయం కూడా అడుగుతారు. అప్పుడు వచ్చే కాగితాన్ని జంక్ మెయిల్ అనుకుని పారేయొద్దు. ఇంకొకటి, ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చిన తేదీ తర్వాత పర్మిట్ తీసుకుని కట్టే ఇళ్లకు గోడ బాధ్యత రోడ్డు శాఖది కాదు. మీ వీధి చివర బిల్డర్ ఇంకా అమ్ముతున్న ప్లాట్లు కొనబోయే మనవాళ్లకు ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఎంతో మేలు.

అల్లుడుగారు "హెచ్1బి మీద ఉన్నాం, గవర్నమెంట్‌కి ఎదురు రాస్తే ఏమైనా అవుతుందా" అని అడిగారన్నావు. ఆ భయం నాకూ ఉండేది, నేనూ అదే వీసా మీద వచ్చినవాడినే. కామెంట్ రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు. అక్కడ నివసిస్తూ పన్నులు కట్టేవాళ్లు తమ వీధి గురించి వివరం ఇవ్వడం ఎదురు తిరగడం కాదు, వాళ్లు అడిగిన దానికి జవాబివ్వడం. అయితే రాసింది అందరూ చూడగలిగే రికార్డు అవుతుంది కాబట్టి ఫోన్ నంబర్, వీసా వివరాలు, పిల్లల పేర్లు అందులో పెట్టకు.

అత్తగారిని కూడా మీటింగ్‌కి తీసుకెళ్లు. దుభాషి కావాలంటే ఎన్ని రోజుల ముందు ఎవరికి చెప్పాలో నోటీసులోనే ఒక లైను ఉంటుంది. దొరక్కపోతే ఆవిడ తెలుగులో చెప్పింది నువ్వు ఇంగ్లిష్‌లో రాసి, ఆవిడ సంతకంతో ఇవ్వు. రోజూ ఆ రోడ్డు దాటేది ఆవిడ కదా.

ఆఖరి తేదీ నోటీసులో వచ్చే నెల 14 అని ఉంది. ఈ మంగళవారం నుంచి లెక్క మొదలుపెట్టండి. ఆదివారం రాత్రికల్లా చిత్తుప్రతి నాకు పంపు, రెండు పేజీలు దాటకుండా చూసుకో. దిద్ది సోమవారం పొద్దున్నే పంపిస్తాను. పోస్టులో వేసేదీ, ఈమెయిల్ చేసేదీ రెండూ చెయ్యి. అందినట్టు జవాబు వచ్చేదాకా ఆ ఈమెయిల్ తీసేయకు.

మీ పెద్దమ్మ చంటిదాన్ని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ పెదనాన్న