పేస్టు మార్చబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ కంప్యూటర్‌లోని రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఆట మొదలైన పది నిమిషాలకే 90 డిగ్రీలు తాకుతోందని రాశావు. ఆ ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దే 90. అక్కడికి చేరగానే తనను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. ముందు ఫ్యాను రెక్కలకూ, ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసే కూలర్ రేకుల మధ్యా పేరుకున్న దుమ్ము తీసెయ్యి. అప్పటికీ తగ్గకపోతేనే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పెట్టే థర్మల్ పేస్టు జోలికి వెళ్లు. నువ్వు కొని మూడేళ్లు దాటింది కాబట్టి అది ఎండిపోయి ఉండవచ్చు.

పేస్టు చుక్కగా పెట్టాలా, గీతగా గీయాలా అని అడిగావు. చెబుతాను గానీ, నా భయమంతా పాత కూలర్‌ను ఊడదీసే దగ్గరే. నీ ప్రాసెసర్ కూర్చునే గూడు ఏఎం4 అనే రకం సాకెట్. 1331 పిన్నులూ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పైనుంచి అదిమిపట్టే చట్రం ఏదీ లేదు, పక్కన లీవర్ ఒక్కటే. పాత పేస్టు జిగురులా పట్టేసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ను నిటారుగా లాగితే, లీవర్ బిగించి ఉన్నా సరే, ప్రాసెసర్ దానికి అతుక్కుని సాకెట్ నుంచి ఊడి రావచ్చు. దుకాణంలో ఒకసారి నా చేతుల్లోనే అలా జరిగింది. ఒక విద్యార్థి తెచ్చిన కంప్యూటర్ అది. ఒక మూలన ఏడు పిన్నులు వంగిపోయాయి. మెకానికల్ పెన్సిల్ ములుకు తీసేసి, ఆ సన్న గొట్టంతో ఒక్కో పిన్నునూ నిలబెట్టేసరికి రాత్రి పదకొండయింది. ఆరు నిలిచాయి, ఒకటి విరిగింది. ఆ అబ్బాయికి వేరే ప్రాసెసర్ కొనిచ్చాను. ఆ రోజు అతని ముఖం నాకు ఇంకా గుర్తుంది.

అందుకే తొందర పడకు. పావుగంట ఆట ఆడి ప్రాసెసర్‌ను బాగా వేడెక్కనివ్వు. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకేసి, వెంటనే పని మొదలుపెట్టు. ప్రాసెసర్ పెట్టెలోనే వచ్చిన కూలర్ నాలుగు స్క్రూలూ మదర్‌బోర్డు వెనకనున్న పలకలోకి దిగుతాయి. అవి ఊడగానే పలక జారిపోతుంది కాబట్టి వెనక వైపు తలుపు ముందే తీసి దానికి రెండు టేపు ముక్కలు అంటించు. స్క్రూలు తీశాక కూలర్‌ను పైకి లాగకుండా కుడికీ ఎడమకూ మెల్లగా మెలితిప్పు. పట్టు సడలి జారుతున్నట్టు చేతికే తెలుస్తుంది. అప్పుడు ఎత్తు.

తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకో. దూది వద్దు, పోగులు వదులుతుంది. కళ్లద్దాలు తుడిచే గుడ్డ చాలు. ప్రాసెసర్‌ను సాకెట్‌లోనే ఉంచి తుడువు.

ఇక నీ ప్రశ్న. వేడిని మోయడంలో అల్యూమినియం లెక్క 237 అనుకుంటే, మంచి పేస్టుది పదికి అటూ ఇటూ, గాలిది 0.026. అంటే లోహం ముందు పేస్టు చాలా బలహీనం, గాలి ముందు మాత్రం వందల రెట్లు మేలు. కంటికి నున్నగా కనిపించే రెండు లోహాల మధ్య ఉండే సన్నని గుంతల్లోంచి గాలిని తరిమేయడమే దాని పని. అంతకు మించి మందంగా ఉంటే అదే అడ్డుగోడ అవుతుంది. నీ ప్రాసెసర్ దాదాపు నాలుగు సెంటీమీటర్ల చదరం. దాని నడుమ కందిగింజ కన్నా కాస్త పెద్ద చుక్క, ఎండు బఠాణీకి మించకుండా, పెట్టు. గీత గీసినా, క్రాస్ వేసినా తేడా ఒకటి రెండు డిగ్రీలే. వేలితో పూయవద్దు, ఒత్తిడే దాన్ని పరుస్తుంది.

ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడాలి. నాలుగు స్క్రూలనూ ముందు వదులుగా పట్టించి, ఒక మూల తర్వాత దాని ఎదురు మూల, ఒక్కోసారి రెండు చుట్లు మాత్రమే తిప్పుతూ చివరిదాకా బిగించు. ఒక మూలను పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే కూలర్ ఒరిగి పేస్టంతా ఒక పక్కకు పోతుంది. సరిగ్గా పరుచుకుందో లేదో చూద్దామని మధ్యలో ఎత్తకు. ఎత్తితే గాలి బుడగలు చిక్కుకుంటాయి, అంతా తుడిచి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

పేస్టుకు బదులు వాడతారని వీడియోలో చూసి ముచ్చటపడిన ద్రవలోహం మాత్రం కొనవద్దు. అందులోని గ్యాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, నీ కూలర్ అడుగు అల్యూమినియమే. పైగా దానిలోంచి కరెంటు పారుతుంది కాబట్టి ఒక్క బొట్టు బోర్డు మీద పడినా ప్రమాదమే.

ఫ్యాను తీగ తిరిగి తగిలించడం మరిచిపోకు. అదే ఆట పావుగంట ఆడి, వేడి ఎంత వచ్చిందో, అప్పటి గది ఉష్ణోగ్రత ఎంతో రెండూ రాయి. అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య