ఒక్క రంధ్రం దగ్గర ఆగు

తమ్ముడూ,

జెట్ ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడుని, దాని చిన్న చిన్న రంధ్రాల్లోంచి వచ్చే గాలి పొర వేడి నుంచి ఎలా కాపాడుతుందో నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరా అంతా విమానయాన చరిత్రకే పోయింది. తీసేయ్, నష్టమేం లేదు.

'చల్లగాలి' అని పదిచోట్ల రాశావు. అది కంప్రెసర్ నుంచి, అంటే ఇంజిన్‌లో గాలిని నొక్కే భాగం నుంచి మళ్లించిన గాలి. పెద్ద ఇంజిన్లలో దాని వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బ్లేడు చుట్టూ పారే గ్యాస్ 1500 దాటి ఉంటుంది. బ్లేడు నికెల్ మిశ్రలోహమేమో 1350కి అటూఇటూగా కరగడం మొదలెడుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టు. ఆశ్చర్యార్థకాలు అక్కర్లేదు.

తర్వాత ఒక్క రంధ్రం దగ్గర ఆగు. వెడల్పు అర మిల్లీమీటరు ఉంటుందేమో, 30 డిగ్రీల వాలు. అందులోంచి గాలి నెమ్మదిగా వస్తే గ్యాస్ ప్రవాహం దాన్ని వంచి ఉపరితలానికి అదిమేస్తుంది, పొర నిలుస్తుంది. ఊపు ఎక్కువైతే గాలి పైకి లేచిపోతుంది. దాని రెండు పక్కలా ఎదురెదురుగా తిరిగే సుడులు వేడి గ్యాస్‌ని కిందికి లాక్కొస్తాయి. ఆ పొరని నువ్వు గొడుగు అన్నావు. గొడుగు వానని లోపలికి పిలవదు కదా! 'ఎంత గాలి పంపితే అంత చల్లదనం' అన్న వాక్యం కూడా అందుకే కొట్టేశాను. పైగా కంప్రెసర్ కష్టపడి నొక్కిన గాలి అది, ఇంజిన్ సామర్థ్యంలోంచే కోత పడుతుంది.

ఒంపు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకదే బాధ. వ్యాసంలో అసలు రుచి అక్కడే ఉంది. బ్లేడుకి ఒక వైపు ఉబ్బు, రెండో వైపు పల్లం. ఉబ్బు మీద ప్రవాహం వంపు తిరగాలంటే గోడ, అంటే బ్లేడు ఉపరితలం దగ్గర పీడనం తక్కువ, పైన ఎక్కువ ఉండాలి. ఊపు తక్కువున్న గాలిని ఆ తేడా గోడకేసి నెడుతుంది. పల్లం వైపు తేడా తిరగబడుతుంది, గాలి గోడకి దూరమవుతుంది. ఊపు బాగా పెంచి చూడు, వ్యవహారం తారుమారే: ఉబ్బు మీద గాలి గోడని వదిలేసి పోతుంది, పల్లంలో మాత్రం వంగిన గోడే ఎదురొచ్చి దాన్ని అందుకుంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోల్డ్‌స్టీన్ బృందం 1970లలోనే ఇది కొలిచి చూపించింది. రంధ్రం మూతిని వెడల్పు చేస్తే గాలి నెమ్మదించి పక్కలకు పరుచుకుంటుందని తేల్చిందీ వాళ్లే. అది రెండు వాక్యాల్లో చెప్పు, చాలు.

నిలువుగా కోసిన రంధ్రం బొమ్మ ఒకటి గీయించి, వ్యాసం తిరగరాసి ఆదివారంలోగా పంపు. పేజీల లెక్క గురించి టెన్షన్ పడకు, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను.