బ్రేకు దుమ్ముకు గాలి కొట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బైకుల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. చక్రంలోని బ్రేకు డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము వదిలిస్తారట. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వస్తోంది. భయపడాలా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ముందు ఆ గాలి కొట్టడం మాన్పించండమ్మా. బ్రేకు వేసిన ప్రతిసారీ డ్రమ్ముకు లోపలినుంచి ఒత్తుకునే లైనరూ అరుగుతుంది, డ్రమ్ము ఇనుమూ అరుగుతుంది. ఆ పొడిలో ఇనుము, బేరియం సల్ఫేటు, లైనరును బట్టి రాగి, జింకు, యాంటిమొనీ, వీటిని పట్టి ఉంచే రెసిన్ ఉంటాయి. ముక్కులో కనిపించే నలుపు అక్కడే చిక్కుకున్న ముతక పొడి, చీదితే పోతుంది. చిక్కంతా కంటికి కనిపించని దానితోనే. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 10 మైక్రాన్ల లోపు రేణువులు గొంతు దాటి లోపలికి పోతాయి. 2.5 లోపువి ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా చేరి వాపు పుట్టిస్తాయి. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకు మరీ చేటు. గాలి కొడితే డ్రమ్ములో అణిగి ఉన్న పొడి అంతా లేచి షెడ్డంతా తేలుతుంది.

పాత బళ్ల లైనర్లలో, ఊరూ పేరూ లేని చవక రకాల్లో రాతినార అనే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. చూసి పోల్చడం ఎవరివల్లా కాదు. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడతాయి. అందుకని ప్రతి డ్రమ్మునూ ఆస్‌బెస్టాస్ ఉన్నట్టే చూడాలి.

చక్రం కింద ట్రే పెట్టాలి. చేతి స్ప్రేయరులో లీటరు నీళ్లకు రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలుపుకోవాలి. సబ్బు లేని నీళ్లు ఆ పొడి మీద నిలవకుండా జారిపోతాయి. డ్రమ్ము కొద్దిగా లాగి, సందులోంచి సన్నగా చిమ్మి, ఒక నిమిషం ఆగి విప్పాలి. ధారగా కొడితే పొడి మళ్లీ ఎగురుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి, ఉతికి మళ్లీ వాడకూడదు. లైనరు మెరుపెక్కితే ఎమెరీ కాగితం కూడా తడిపే రుద్దాలి. పెట్రోలుతో కడగడం వద్దే వద్దు, నిప్పు భయం ఒకటి, ఆవిరి పీల్చడం మరొకటి. బిగించాక మెల్లగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే తడి ఆరి పట్టు వస్తుంది.

ముక్కుకు కట్టే చేతిరుమాలు ఈ పొడిని ఆపదు. ఎన్95 మాస్కు మామూలు పొడికి పనికొస్తుంది గానీ ఆస్‌బెస్టాస్‌కు చాలదు, రేణువుల్ని దాదాపు పూర్తిగా ఆపే పీ100 ఫిల్టరు ఉండాలి. షెడ్డు బట్టలు అక్కడే విప్పి రమ్మనండి, ఇంట్లో అందరి బట్టలతో కలిపి ఉతకకండి.

ప్రశ్న: కారు కడిగిన వారానికే ముందు ఎడమ చక్రం నల్లబడుతోంది, మిగతావి బాగానే ఉన్నాయి. దుమ్ము రాని ప్యాడ్లు వేయించుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు చక్రాలు రెండూ నల్లబడితే అది మామూలే, బ్రేకు భారం ఎక్కువగా వాటిదే. ఒక్కటే నల్లబడితే అక్కడ ప్యాడ్ డిస్కును వదలడం లేదని అనుమానించాలి. గట్టిగా బ్రేకు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. రెండు రిమ్ముల దగ్గరా అరచేయి పెట్టి చూడండి, తాకొద్దు. ఎడమవైపు సెగ ఎక్కువ కొడితే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) స్లయిడ్ పిన్నులు విప్పించండి. రబ్బరు తొడుగు చిరిగి నీరు చేరి, గ్రీజు ఎండి పిన్ను పట్టేసి ఉంటుంది. తుడిచి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. ప్యాడ్ మందం 3 మి.మీ.కి వస్తే మార్చేయండి.

ఇక దుమ్ము రాని ప్యాడ్ సంగతి. రిమ్ము శుభ్రంగా ఉందంటే గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. పొడి లేతరంగులో, సన్నగా ఉంటే రిమ్ము మీద కనిపించదు, అంతే. 2025లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం ఊపిరితిత్తి కణాల మీద నాలుగు రకాల ప్యాడ్ల పొడిని పరీక్షిస్తే, రాగి ఎక్కువున్న, ఆస్‌బెస్టాస్ బదులు వేరే నారలు కలిపిన నాన్-ఆస్‌బెస్టాస్ ఆర్గానిక్ రకం డీజిల్ పొగ రేణువుల కంటే ఎక్కువ హాని చేసింది. కొంటే రాగి లేనివి అడగండి. కాలిఫోర్నియాలో 2025 నుంచి కొత్త ప్యాడ్లలో రాగి అర శాతం దాటకూడదు. తమాషా ఏమిటంటే ఆ చట్టం మన ఊపిరితిత్తుల కోసం కాదు, వాననీటితో వాగుల్లోకి పోయే రాగి నుంచి చేపల్ని కాపాడటానికి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు ఈ గొడవ ఉండదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తగ్గుతుంది, పోదు. కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీకి కరెంటు పంపుతుంది కాబట్టి ప్యాడ్ల పని తక్కువ. యూరప్‌లో 2026 నవంబరు 29 నుంచి వచ్చే కొత్త మోడల్ కార్లకు బళ్ల కాలుష్యంపై యూరో 7 నిబంధన బ్రేకు దుమ్ముకూ హద్దు గీసింది: పెట్రోలు, డీజిల్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాముల పీఎం10 (10 మైక్రాన్ల లోపు పొడి), ఎలక్ట్రిక్‌కు 3. టైర్ల అరుగుదల మాత్రం ఎలక్ట్రిక్‌కూ ఉంటుంది, బరువు పెరిగితే అదీ పెరుగుతుంది.

మీ ఊళ్లో కొండ దిగే పెట్రోలు బళ్ల సంగతి వేరు. డిస్కు వేడి సుమారు 200 డిగ్రీలు దాటితే ప్యాడ్లోని రెసిన్ కాలడం మొదలై, అతి సన్నని రేణువుల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకుతుంది. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీద కాలు ఆనించి దిగేవాళ్లు చేసేది అదే. రెండో గేరులో దిగితే ఇంజనే పట్టి ఉంచుతుంది. ముందు బండి నుంచి కాలిన వాసన వస్తుంటే అద్దాలు ఎత్తి, ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టుకుని దూరం పాటించండి.