ఎవరి డబ్బో ఖాతాలో చూపించి వీసా తెచ్చుకోవాలా?

నర్సంపేట వైపు మిర్చి, పత్తి వేసే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బిడ్డ హనుమకొండలో బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్‌కి అడ్మిషన్ వచ్చింది, ఐ-20 (వీసాకు కావలసిన యూనివర్సిటీ పత్రం) పంపాలంటే మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉన్నట్టు కాగితాలు కావాలని యూనివర్సిటీ అడిగింది. కన్సల్టెన్సీ వాళ్లేమో "ముప్పై లక్షలు నెల రోజులు మీ ఖాతాలో మేం వేయిస్తాం, కమీషన్ ఇస్తే చాలు, ఇంటర్వ్యూలో మాత్రం వ్యవసాయం అనకుండా బిజినెస్ అని చెప్పించండి" అన్నారట. ఏం చేయమంటారు అని అడిగారు.

అన్నా, వద్దు. డబ్బు తెచ్చి చూపించడమూ వద్దు, బిజినెస్ అని చెప్పించడమూ వద్దు. మామూలుగా వీసా రాకపోతే 214(బి) అనే సెక్షన్ కింద తిరస్కరించామని కాగితం చేతిలో పెడతారు, మళ్లీ 185 డాలర్లు కట్టి మళ్లీ వెళ్లొచ్చు, అలా రెండోసారి తెచ్చుకున్న పిల్లలు వరంగల్‌లో కావలసినంత మంది ఉన్నారు. కానీ దొంగ కాగితం పెట్టారని, అబద్ధం చెప్పారని తేలితే ఆ దేశపు చట్టం ప్రకారం జీవితాంతం ఆ గడప తొక్కే అర్హతే పోవచ్చు. కమీషన్ తీసుకున్నవాడికి ఏమీ కాదు, పోయేది మీ బిడ్డ పేరు.

అసలు వ్యవసాయం అని చెప్పడానికి సిగ్గెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మీకు ఐటీ రిటర్నులు ఉండవు, అది తప్పేమీ కాదు. పట్టాదారు పాసుపుస్తకం తీయండి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీలు, అంటే అమ్మకం రసీదులు, వెతకండి, చాలా ఇళ్లలో అవి దేవుడి పటం వెనకో పాత డైరీలోనో మడతపెట్టి ఉంటాయి. పత్తి సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థకు) అమ్మితే డబ్బు నేరుగా ఖాతాలోనే పడి ఉంటుంది, ఆ ఎంట్రీలున్న స్టేట్‌మెంట్ తీసుకోండి. ఇవన్నీ పెట్టుకొని ఒక సీఏ దగ్గర లెక్క రాయించుకుంటే సరిపోతుంది. ఆరు నెలలు పదివేలు దాటని ఖాతాలోకి ఒక్కరోజులో ముప్పై లక్షలు వచ్చి పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా.

ఇవన్నీ ఉన్నా ముప్పై లక్షలు నగదు ఉండదు, నాకు తెలుసు. అందుకే బ్యాంకు లోన్. శాంక్షన్ లెటర్ ఉంటే యూనివర్సిటీ మామూలుగా ఒప్పుకుంటుంది, కౌన్సులేట్‌లోనూ అది గట్టి కాగితమే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి పూచీ అడుగుతాయి, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు, ఎందుకంటే అప్పు తీరకపోతే ఇల్లు, ప్లాటు జప్తు చేసినంత సులువుగా సాగు భూమిని సర్ఫేసీ చట్టం (బ్యాంకులు బాకీల కింద ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం) కింద జప్తు చేయలేరు. ఊళ్లో ఇల్లో, ఎవరి పేరనైనా ప్లాటో ఉందేమో చూడండి, మీ బావమరిదిది అయినా పర్వాలేదు, కానీ ఆయన సంతకం పెట్టాలి, ఆ మాట ముందే తేల్చుకోండి. భూమి అమ్మే ఆలోచన మాత్రం వీసా చేతికి వచ్చేదాకా పెట్టుకోవద్దు.

ఇక డీఎస్-160, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం. కన్సల్టెన్సీ వాళ్లే నింపి, ఈమెయిల్, పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుంటారు. వద్దనండి, బిడ్డనే కూర్చొని నింపమనండి. వాళ్లు నింపినా అందులోని ప్రతి మాటకూ తనే సంతకం పెట్టినట్టు లెక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే పెద్ద తలనొప్పి, అప్పుడు పేరునే ఇంటిపేరు గడిలో వేసి, పేరు రాసే గడిలో ఎఫ్ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలియదని) అని రాయాలి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ అడుగుతారు, 2025 జూన్ నుంచి వాటిని అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు, కాబట్టి దాచొద్దు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు ఇంటర్వ్యూకు ముందే కట్టాలి.

ఇంటర్వ్యూ స్లాట్ దొరకలేదని ఏజెంట్‌కి వేలకు వేలు పోసి కొనకండి. బాట్లతో, అంటే తమంతట తామే బుక్ చేసే కంప్యూటర్ ప్రోగ్రాములతో, తీసుకున్నారని 2025 మార్చిలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ దాదాపు రెండువేల అపాయింట్‌మెంట్లు రద్దు చేసింది. హైదరాబాద్‌లో రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి, ముందు వేలిముద్రలు, ఫొటో, తర్వాత నానక్‌రామ్‌గూడ కౌన్సులేట్‌లో ఇంటర్వ్యూ.

ఆ ఇంటర్వ్యూ మహా అయితే రెండు మూడు నిమిషాలు, కిటికీ దగ్గర నిలబడే. ఫైలు తెరవకుండానే నిర్ణయం అయిపోవడం మామూలే, మాటే ముఖ్యం. బట్టీ పట్టించిన "రీసెర్చ్ ఆపర్చునిటీస్" డైలాగ్ ఆ ఆఫీసర్ పొద్దున్నుంచి ఎంతమంది నోట విని ఉంటాడో ఆలోచించండి. మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకుంటుందో, ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకుందో, మొత్తం ఖర్చు ఎంత, అందులో లోన్ ఎంత, నాన్న పెట్టేది ఎంత, ఇవి తన మాటల్లో తడబడకుండా చెప్పగలిగితే చాలు. నాన్న ఏం చేస్తారంటే "మా నాన్న రైతు, మిర్చి, పత్తి పండిస్తారు" అని ఇంగ్లిష్‌లో తలెత్తి చెప్పమనండి. ఇంట్లో అన్నం తినేటప్పుడు రోజూ ఒక ప్రశ్న మీరే అడగండి, మీకు ఇంగ్లిష్ రాకపోయినా పర్వాలేదు, తను చెప్పేది మీకు తెలుగులో అర్థం కాకపోతే ఆఫీసర్‌కి ఇంగ్లిష్‌లోనూ అర్థం కాదు.

మీరు బీసీ అని రాశారు కదా, మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధికి కూడా ఈపాస్ (స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్)లో దరఖాస్తు పెట్టించండి, ఇరవై లక్షల దాకా ఇస్తారు. అయితే అది అక్కడికి వెళ్లాక విడతలుగా వచ్చే డబ్బు, దాన్ని నమ్ముకొని ఇప్పుడు లోన్ తగ్గించుకోకండి.