యాభై దాటాక మేనకోడలితో రుషికొండ వెళ్తే మనం ఏం చేయొచ్చు?

"డిగ్రీ చదివే మేనకోడలితో వైజాగ్ వెళ్తున్నాను. తను కయాకింగ్ (తెడ్డు పడవ), స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకి దిగడం) అంటోంది. యాభై రెండేళ్ల నేను వాటిలో ఏవి చేయొచ్చు?" అని అడిగారు. ఒంట్లో బాగుంటే అన్నీ చేయొచ్చండి. చేయకూడనిది ఒక్కటే, ఒడ్డున కూర్చుని చెప్పులకీ ఫోన్లకీ కాపలా కాయడం. మన వయసు ఆడవాళ్లకి ఈ ఉద్యోగం ఎవరిచ్చారో తెలీదు గానీ, రుషికొండ బీచ్‌లో ఏ సాయంత్రం చూసినా ఒళ్లో నాలుగేసి ఫోన్లు పెట్టుకుని వరసగా కూర్చుని ఉంటారు.

నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటాను. మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్. సెలవులకి వచ్చి, "అత్తా, నేను కయాక్ ఎక్కుతా, నువ్వు ఒడ్డు నుంచి వీడియో తియ్యి" అంది. తియ్యనన్నాను. ఇద్దరు కూర్చునేది తీసుకుందాం అన్నాను. దాని మొహం చూడాలి అప్పుడు!

పొద్దున్నే వెళ్లాం. మీరూ పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది, కెరటాలు పెరుగుతాయి, జనమూ పెరుగుతారు. చుడీదార్ మీద ఎక్కకండి, తడిస్తే బరువు. చున్నీ అసలే వద్దు. ట్రాక్ ప్యాంటు వేసుకుని ఎవరేమనుకుంటారో అని చూడకండి, ఎవరూ ఏమీ అనుకోరు. కళ్లజోడుకి తాడు కట్టుకోండి. నేను కట్టుకుంటే "నానమ్మలా ఉన్నావత్తా" అని నవ్వింది మా పిల్ల.

బోటు కుర్రాడు నన్ను ముందు, దాన్ని వెనక కూర్చోబెట్టాడు. ముందున్నవాళ్లు ఏ వేగంతో తెడ్డు వేస్తే వెనకవాళ్లూ అలాగే వేయాలి. పడవ ఎటు తిరగాలన్నది మాత్రం ఎక్కువగా వెనకవాళ్ల చేతిలో ఉంటుంది. అంటే తాళం నాది, స్టీరింగ్ దానిది. మా ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతికి స్టీరింగ్ ఇవ్వడం అదే మొదలు. "కెరటానికి ఎదురుగా పోనీండి మేడమ్, పక్కకి తిరిగితే బోల్తా" అన్నాడు. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాం. పడవ ముక్కు లేచి దబ్బున పడడం, మొహాన ఉప్పునీళ్లు, వెనక నుంచి "అత్తా, స్లో!" అని కేకలు. కెరటాలు దాటాక అంతా సాఫీ. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, కొండలు బీచ్ రోడ్డుకి ఎంత దగ్గరగా వచ్చి ఆగాయో నీళ్ల మీంచి చూస్తే గానీ తెలియలేదు.

తంటా అంతా తిరిగొచ్చేటప్పుడే. కెరటం వెనక నుంచి వస్తుంది, మనకి కనబడదు. అది తోక ఎత్తగానే పడవ అడ్డం తిరిగింది, ఇద్దరం నీళ్లలో. లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి తేలాం. మా పిల్ల వెంటనే పడవ వదిలేసి ఒడ్డుకేసి ఈదడం మొదలుపెట్టింది. పూల్‌లో ఈత నేర్చుకున్నవాళ్లతో ఇదే గొడవ, గోడ పక్కనే ఉంటుందనుకుంటారు. "పడవ పట్టుకోవే!" అని అరిచాను. తిరగబడ్డా అది తేలుతుంది, దూరం నుంచి మనకంటే అదే ముందు కనబడుతుంది. వెనక్కొచ్చి పట్టుకుంది. ఆ కుర్రాడు వచ్చేలోపు "నా ఫోన్ పౌచ్ ఏదత్తా?" అని ఏడుపు. పౌచ్ దాని మెడలోనే ఉంది. నా కళ్లజోడూ నా మొహం మీదే ఉంది.

రేట్ల గురించి కూడా చెప్పాలి. ఒక చోట మా పిల్ల హైదరాబాద్ యాస విని ఒక రేటు చెప్పారు, నేను "ఏటి బాబూ" అనగానే ఇంకో రేటు. బోర్డు పెట్టడానికి ఏం కష్టమో నాకర్థం కాదు. ఎక్కే ముందే ఎంతసేపు, ఎంత డబ్బు, వీడియోకి వేరేగా ఇవ్వాలా అని అడిగేయండి.

ఆర్‌కే బీచ్‌లో మాత్రం స్నానానికి దిగనివ్వకండి. కురుసుర సబ్‌మెరైన్ చూపించండి, మురీ మిక్చర్ తినిపించండి, అక్కడితో సరి. అడుగున లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, మోకాలి లోతులో నిలబడ్డవాళ్లనీ లాగేస్తుంది. యారాడ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా అక్కడా అదే భయం. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చేది) వచ్చింది కదా అని అక్కడైనా లైఫ్‌గార్డు విజిల్ వేస్తే వాదించకండి.

నీళ్లు చాలనిపిస్తే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లండి. ఆ మలుపుల్లో సిగ్నల్ ఉన్నా లేకపోయినా పిల్ల కాసేపు ఫోన్ తీయదు, నాదీ హామీ. అంచులెక్కి ఫొటోలు వద్దు, వదులు మట్టి, విరిగిపడుతుంది.

స్కూబా సంగతి: జలుబుంటే మానేయండి, లోపలికి దిగేకొద్దీ చెవులు పోటెత్తుతాయి. బీపీ మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి, వాళ్లిచ్చే ఫారంలో నిజం రాయండి. ఆ రోజు మా పిల్లకి ముక్కు కారుతోందని మేం ఆగిపోయాం. సంక్రాంతి సెలవులకి మళ్లీ వస్తానంది. పడవ బోల్తా పడ్డ సంగతి మా అన్నయ్యకి ఇంకా చెప్పలేదు, టికెట్ బుక్ అయ్యాక చెబుదామని.