ఉమ్మడి రిటర్న్ రిఫండ్ ఎవరి ఖాతాలో పడాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మావారు హెచ్1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నారు. నాకు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి పన్ను పనుల కోసం ఇచ్చే నంబరు) ఉంది. ఇద్దరం కలిసి ఒకే ట్యాక్స్ రిటర్న్ వేస్తాం. రిఫండ్ మొత్తం ఆయన ఖాతాలోకే వెళ్లాలా, కొంత నా సేవింగ్స్ ఖాతాలో వేయించుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వేయించుకోవచ్చు. ఉమ్మడి రిటర్న్‌పై వచ్చే రిఫండ్‌ను భర్త పేరున గానీ, భార్య పేరున గానీ, ఇద్దరి పేరున గానీ అమెరికాలో ఉన్న బ్యాంకు ఖాతాకు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పంపుతుంది. సంపాదన ఒకరిదే అయినా ఇందులో మార్పు ఉండదు. ఇండియాలోని ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల) ఖాతా మాత్రం పనికిరాదు. చిక్కల్లా బ్యాంకు దగ్గరే వస్తుంది. ఇద్దరి పేరున వచ్చిన రిఫండ్‌ను ఒక్కరి ఖాతాలో జమ చేసుకోవడానికి కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు, అలా తిప్పి పంపితే ఐఆర్ఎస్ బాధ్యత వహించదు. కాబట్టి రిటర్న్ వేయకముందే మీ బ్యాంకును అడిగి తెలుసుకోండి.

సొమ్మును పంచాలంటే 1040 (ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం)తో పాటు 8888 ఫారం జతచేయాలి. అందులో మూడు ఖాతాల వరకు రాయవచ్చు. లెక్కలో పొరపాటు దొరికి ఐఆర్ఎస్ రిఫండ్‌ను తగ్గిస్తే ఆ కోత చివర రాసిన ఖాతాపై పడుతుంది. అందువల్ల మీకు కచ్చితంగా చేరవలసిన సొమ్మును మొదటి వరుసలోనే రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఉమ్మడి రిటర్న్‌లో డైరెక్ట్ డిపాజిట్ (సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడేందుకు ఇచ్చే) వివరాలు నింపారంటే, రిఫండ్ అందుకోవడానికి భార్యాభర్తలు ఒకరినొకరు ప్రతినిధిగా నియమించుకున్నట్టే లెక్క, దాన్ని తర్వాత రద్దు చేసుకునే వీలుండదు. సొమ్ము ఆయన ఖాతాలో పడ్డాక నా వాటా నాకు ఇప్పించండని ఐఆర్ఎస్‌ను అడగలేరు. అందుకే ట్యాక్స్ ప్రిపేరర్ (రిటర్న్ తయారుచేసేవారు) ఇచ్చిన కాపీలో రిఫండ్ వివరాలను మీరే స్వయంగా చదివిన తర్వాత సంతకం చేయండి. రూటింగ్ నంబరు (బ్యాంకును గుర్తించే నంబరు)లో తొమ్మిది అంకెలు ఉండాలి, మొదటి రెండు అంకెలు 01 నుంచి 12 లేదా 21 నుంచి 32 మధ్య ఉండాలి. డిపాజిట్ స్లిప్‌పై ఉన్న నంబరు వేరుగా ఉండవచ్చు కనుక చెక్కు మీద చూసి గానీ, బ్యాంకును అడిగి గానీ రాయండి. తప్పు నంబరు వల్ల సొమ్ము పరాయి ఖాతాలో పడి, ఆ బ్యాంకు తిరిగివ్వకపోతే, ఇప్పించే అధికారం ఐఆర్ఎస్‌కు లేదు.

2025 సెప్టెంబరు 30 నుంచి కాగితపు రిఫండ్ చెక్కులను దశలవారీగా తగ్గిస్తున్నారు కాబట్టి, డిపాజిట్ తిరిగొస్తే చెక్కు ఇంటికి వస్తుందన్న భరోసా మునుపటిలా లేదు. మీ బ్యాంకు ఒప్పుకోనంటే, ఇద్దరి పేరున ఒక ఖాతా తెరిచి రిఫండ్ అందులో వేయించుకుని, మీ భాగాన్ని సేవింగ్స్‌కు మార్చుకోవడమే నేను సూచించే మార్గం.