లైటు కొనే ముందు ఒక మాట, నాయనా

విల్లివాక్కం, చెన్నై

చిరంజీవి చిన్నోడికి పెదనాయన దీవెనలు.

నువ్వు పెట్టబోయే రొయ్యల గాజు తొట్టి కోసమని పంపిన లైటు ఫోటో చూశాను. రిమోటు, ఏడు రంగులు, ఫోన్లోంచే సూర్యోదయం, సూర్యాస్తమయం. బాగుంది. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు వైరింగు చేసినవాణ్ణి, దీపాలంటే నాకూ మోజే. కానీ డబ్బు కట్టబోయే ముందు ఈ ఉత్తరం ఆఖరిదాకా చదువు.

నెల్లూరులో రొయ్యల గుంటలు చూస్తూ పెరిగినవాడివి. గట్టు మీద రైతు అర్ధరాత్రి దాటినా నిద్రపోడు, ఎందుకో తెలుసా? కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయని. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పగలు ఎండలో ఆక్సిజన్ వదిలిన నాచే, చీకటి పడ్డాక రొయ్యతో పోటీపడి పీల్చుకుంటుంది. నీ గాజు తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. మొక్కలు ఒత్తుగా ఉంటే ఎయిర్ పంపు అక్కర్లేదంటారు. పగటికైతే ఆ మాట కొంత నిజం, రాత్రికి మాత్రం కాదు. పైగా చెన్నైలో నీళ్లు వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యకి కావలసింది పెరుగుతుంది.

అందుకని ముందు కొనాల్సింది స్పాంజి ఫిల్టరు, దాన్ని నడిపే చిన్న ఎయిర్ పంపు. ఖర్చూ తక్కువే. తొట్టి అంచుకి తగిలించే ఫిల్టర్లు చూడ్డానికి నీటుగా ఉంటాయి గానీ, నువ్వు పెంచబోయే చిట్టి ఎర్ర రొయ్య, అదే చెర్రీ రొయ్య, అప్పుడే పుట్టిన దాని పిల్ల రెండు మిల్లీమీటర్లే. ఆ ఫిల్టరు దాన్ని సర్రున లోపలికి లాగేస్తుంది. అదే స్పాంజి అయితే పిల్లలు దాని మీదే కూర్చుని మేస్తాయి. గొట్టం మధ్యలో, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పెట్టడం మర్చిపోకు. నేను పెట్టలేదు. ఓ రాత్రి కరెంటు పోయింది, కింద ఉన్న పంపులోకి నీళ్లు వెనక్కి కారాయి. పొద్దున లేచేసరికి హాలు చెరువు, పెద్దమ్మ చేతిలో చీపురు. ఆ రోజు కాఫీ నేనే కలుపుకున్నాను.

కరెంటంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానప్పుడు మా వీధిలో ఇన్వర్టర్లు కూడా చచ్చిపోయాయి. మగ్గుతో తొట్టి నీళ్లు తోడి, పైనుంచి ధారగా పోస్తూ కూర్చున్నాను, అరగంటకోసారి. ఆ తర్వాత యూఎస్‌బీతో నడిచే పంపు ఒకటి కొన్నాను. పవర్ బ్యాంకుకి తగిలిస్తే రాత్రంతా నడుస్తుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత చిన్న లోడుని లెక్కచెయ్యక కాసేపట్లో వాటంతటవే ఆగిపోతాయి. నీ దగ్గరున్నది ముందే పరీక్షించి పెట్టుకో, తుపాను వచ్చిన రోజున కాదు.

ఇక వేడి. చెర్రీ రొయ్యకి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో నీళ్లు 30 దాటుతాయి. రొయ్యలు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి గానీ గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి. నేను మొదటి తొట్టి కొన్నప్పుడు ఒకాయన నాకు హీటరు అంటగట్టాడు. చెన్నైలో, ఏప్రిల్లో! దాన్ని ఇప్పటికీ అటక మీద దాచాను, నా తెలివికి గుర్తుగా. నీకు కావలసింది నీటి మీదికి వీచే చిన్న ఫ్యాను. ఆవిరితో పాటు వేడీ పోతుంది. ఉక్కపోత ఊరు కదా, అద్భుతాలు ఆశించకు; నా తొట్టిలో రెండు డిగ్రీలు తగ్గుతుంది. బెంగళూరు పొడిగాలిలో ఇంకాస్త ఎక్కువే తగ్గొచ్చు. ఆవిరైపోయిన నీళ్లకి బదులు ఆర్వో నీళ్లే పొయ్యి, ఎందుకంటే నీళ్లు పోయినా ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. ఎర్ర తెలుపు చారల క్రిస్టల్ రొయ్యల మీద మనసు పడ్డావని మీ అమ్మ చెప్పింది. వాటికి ఇంకా చల్లటి నీళ్లు, వేరే రకం మట్టి కావాలి. నీళ్లు చల్లబరిచే చిల్లరు మెషీను కొనే స్తోమత వచ్చేదాకా ఆ ఊసొద్దు.

ఇప్పుడు నీ లైటు. దీపం కావలసింది మొక్కకి. రొయ్యకి దాంతో పనిలేదు, వెలుతురు మరీ ఎక్కువైతే ఆకుల కిందికి దూరిపోతుంది, నీకే కనపడదు. కాబట్టి ముందు ఏ మొక్కలో తేల్చుకో. జావా మాస్, అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ నీడపట్టున బతికే జాతులు, రొయ్యలకి ఇష్టమైనవీ అవే. వెలుతురుని ల్యూమెన్లలో కొలుస్తారు, వీటికి లీటరుకి 20 నుంచి 30 ల్యూమెన్లు చాలు. నీది ఒకటిన్నర అడుగు తొట్టి, ఇంచుమించు 40 లీటర్లు. అంటే మొత్తం వెయ్యి ల్యూమెన్లు, మంచి ఎల్‌ఈడీ అయితే పది పన్నెండు వాట్లలో వచ్చేస్తుంది. వాట్లు చూసి కొనకు, అట్ట మీద ల్యూమెన్లు చదువు. వెలుగు రంగు 6500 కెల్విన్ అని రాసి ఉన్నది పగటి వెలుగుకి దగ్గర. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు ట్యూబ్ ఎల్‌ఈడీతో నా మాస్ ఐదేళ్లుగా పెరుగుతోంది. ఎరుపు, నీలం కలిపిన ఖరీదైన లైట్లలో రొయ్య మరింత ఎర్రగా కనిపిస్తుంది, అది నీ కంటికి విందు. తప్పని అనను, కానీ అది ఆఖర్న పెట్టాల్సిన ఖర్చు.

ఎర్రాకుల మొక్కలు కావాలంటే గట్టి వెలుగు కావాలి, దాని వెనకే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఎరువులు. వెలుగొక్కటే పెంచావా, తినేది మొక్క కాదు, పాచి. సిలిండరు కాస్త ఎక్కువ తిప్పావా, రొయ్యలు చచ్చిపోతాయి. మొదటి ఏడాది దాని జోలికి పోకు.

లైటుతో పాటు టైమరు తప్పక కొను. మొదట్లో రోజుకి ఆరు గంటలు, నెల తర్వాత ఏడు. నువ్వు ఆఫీసు నుంచి ఎప్పుడో వస్తావు కాబట్టి మొదటి నెల నాలుగింటికి, ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటికి వెలిగేట్టు పెట్టుకో, రాత్రి పదికి ఆరిపోతుంది. కిటికీ పక్కన మాత్రం తొట్టి పెట్టొద్దు, ఎండతో పాచీ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. ఒక సరదా లెక్క: పది వాట్ల లైటు రోజుకి ఏడు గంటలు, మూడు వాట్ల పంపు ఇరవై నాలుగు గంటలు. రెండూ నెలకి చెరో రెండు యూనిట్లే. కరెంటు బిల్లుకి భయపడి పంపు ఆపేవాళ్లకి ఈ లెక్క చెప్పు.

మీ తొరైపాక్కంలో లారీ నీళ్లు, ఈరోజు ఒక బోరువి, రేపు ఇంకో బోరువి. అందుకని నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు కొనుక్కో. ఆర్వో నీళ్లు కలిపి 200 దగ్గరికి తెచ్చుకో. వట్టి ఆర్వో నీళ్లే పోస్తే గుల్ల కట్టడానికి కాల్షియం ఉండదు. తొట్టి నింపి, రోజూ చిటికెడు మేత వేస్తూ, ఖాళీగా ఒక నెల నడపనీ. మేత కుళ్లితే పుట్టే విషాలు, అమ్మోనియా, నైట్రైట్, రెండూ సున్నాకి వచ్చాకే రొయ్యలు. కొన్ని చేప మందుల్లో రాగి ఉంటుంది, అది రొయ్యకి విషం. ఇంకోటి, దోమల కాయిలూ, లిక్విడ్ మెషీనూ ఆ గదిలో వద్దు. పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి కొడుతుంది, ఆ మందు కూడా దాంతో పాటే వెళ్తుంది. దోమతెర కట్టుకో.

రంగు చేపల దుకాణాలుండే కొళత్తూరు మా ఇంటికి దగ్గరే. ఇక్కడ పుట్టి పెరిగిన చెర్రీ రొయ్యలు అక్కడ దొరుకుతాయి, దూరంనుంచి పార్సిలు తెప్పించొద్దు. వచ్చే ఆదివారం పొద్దున్నే రా, కలిసి వెళ్దాం. మాస్ నా తొట్టిలోంచే కత్తిరించి ఇస్తాను. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తెచ్చుకో. పోయినసారి నువ్వు తీసుకెళ్లిన పెద్దమ్మ డబ్బా ఉంది చూడు, అదే.

పెదనాయన